రబ్బరు బిళ్ళలు

హోమ్ థియేటర్ స్పీకర్లు గోడకు బిగించడానికి వచ్చిన ఫిట్టర్ బ్రాకెట్ వెనక రబ్బరు బిళ్ళలు అతికిస్తుంటే, ఇంటి పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“అవి తీసెయ్యి బాబూ.”

“ఇవి లేకపోతే పాట పెట్టినప్పుడల్లా గోడ అదురుతుందండీ.”

“అదరాలనే.”

“పక్కింటివాళ్ళు గొడవకొస్తే?”

“గోడ అవతల మా వంటిల్లేలే.”

“ఇరవయ్యేళ్ళుగా బిగిస్తున్నాను. గోడ అదరకూడదని అందరూ నా ప్రాణం తీస్తారు. అదరాలన్నది మీరొక్కరే. ఉత్త మోత తప్ప పాట వినపడదండీ.”

“నాకు వినపడకపోతే మానె. కిందటేడు జ్వరమొచ్చి మా ఆవిడకి రెండు చెవులూ పోయాయి. మొన్న చూస్తే, మోగుతున్న రేడియో మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఏంటని సైగ చేస్తే, తాళం తెలుస్తోందంది.”

ఫిట్టర్ బిళ్ళలు ఒక్కొక్కటే పీకి జేబులో వేసుకున్నాడు. తలకంటే ఎత్తున గోడ మీద గీసుకున్న పెన్సిలు గుర్తును బొటనవేలితో చెరిపేశాడు.

“అదేంటయ్యా, అది కూడా చెరిపేశావు?”

“అంత ఎత్తు పనికిరాదండీ. అమ్మగారిని ఒక్కసారి పిలవండి. ఇక్కడ కూర్చుని గోడ మీద చెయ్యి వెయ్యమనండి. ఆ చెయ్యి ఎక్కడుంటే దాని పక్కనే బిగిస్తాను.”