తక్కువ అంటించిన స్టాంపులు

2008 వేసవిలో, బిజినేపల్లిలో ఒక ఇంటి ముందు పోస్ట్‌మ్యాన్ సైకిల్ ఆపి, టీచరు పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయికి పుస్తకాల పార్సిల్ చూపించాడు.

"ముప్పై రెండు రూపాయలు కట్టాలె బిడ్డా."

"ఎందుకు? నెట్‌ల కొన్నప్పుడే పోస్టు ఖర్చు గూడ కట్టిన గద!"

"అమ్మినాయన స్టాంపులు తక్కువ అంటించిండు. తక్కువైనదానికి రెండింతలు తీసుకునేటోళ్లే కట్టాలె. వద్దంటే వాపస్ పంపుత."

"వాపస్ పోతే నేనేం చదవాలె? పరీక్షకు పది రోజులే ఉన్నది. ఈ పైసలు నిజంగ పోస్టాఫీసుకేనా, నీ జేబులకా?"

అతను సంచిలోంచి రసీదు పుస్తకం తీసి ఆమె చేతికిచ్చాడు.

"చూడు. ఈ నెల ఆయన దగ్గర్నుంచి వచ్చిన పార్సిళ్లల్ల నీది నాలుగోది. ముందటి ముగ్గురు గూడ అవసరముండి కట్టిండ్రు. తిట్లు మాత్రం నాకే."

ఆమె లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చింది.

"తప్పుగ అన్న కాకా, మనసుల పెట్టుకోకు. కొన్నోళ్లు తమ మాట రాసేటందుకు నెట్‌ల జాగ ఉంటది. నాగర్‌కర్నూల్ నెట్ సెంటర్‌కు పోయినప్పుడు ఆయన చేసేది అందరికి తెలిసేటట్టు రాస్త."

"రాయి బిడ్డా. పోస్ట్‌మ్యాన్ పైసలు తినలేదని గూడ రాయి."