ఈనస్ రాక్లిఫ్‌ని గాల్లోకి విసిరిన సంగతి

శనివారం మ్యాచ్ అయిపోయి, జనం పబ్బులో చేరి, తడిసిన కోట్లు పొయ్యి ముందు ఆరేసుకున్నాక జేబెజ్ హెప్‌వర్త్ గొంతు సవరించుకున్నాడు. బొగ్గుగని మూసేశాక ఆ యార్క్‌షైర్ ఊళ్ళో పనిలేని మగాళ్ళకి కొదవ లేదు గానీ, చెప్పుకోవడానికి ఒక కథంటూ ఉన్నవాడు జేబెజ్ ఒక్కడే. ఒకప్పుడు ఊరి రగ్బీ జట్టులో ఆడాడు. ఆ కథ కూడా లేకపోతే ఆ బల్ల దగ్గర అతన్ని కూర్చోమనేవాడు ఉండడు.

"ఇవాళ వీళ్ళు ఆడిందీ ఒక ఆటేనా? మా రోజుల్లో లాంకషైర్ నుంచి ఈనస్ రాక్లిఫ్ అని ఒకడొచ్చేవాడు. బంతి చంకలో పెట్టుకుని వాడు పరిగెత్తుకొస్తుంటే గోల్ కర్రలు వణికేవి. అలాంటివాణ్ణి, ఇదిగో, ఈ భుజం అడ్డుపెట్టి ఆపాను. ఎత్తలేదు, పడెయ్యలేదు, ఊరికే ఆపాను. అబద్ధం చెప్తే నాకేం వస్తుంది?"

"పోయిన వారం ఎత్తానన్నావే," అన్నాడు క్లెమ్ సగ్డెన్, గనిలో అతనితో పాటు పనిచేసినవాడు.

"అక్కడికే వస్తున్నా, ఆగవోయ్."

అప్పుడే తలుపు తెరుచుకుంది. తల వంచితే గానీ లోపలికి రాలేనంత పొడుగు మనిషి ఒకడు వచ్చి, తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఎడమ చెవి నలిగి ముద్దలా ఉంది. బీరు గ్లాసు అతని పిడికిట్లో కనిపించకుండా పోయింది.

జేబెజ్ భుజంలో ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక జివ్వుమంది. ఆ చెవిని అతను ఇంతకుముందు చూశాడు. మరీ దగ్గర్నుంచి చూశాడు.

'కాదులే, వీడికి జుట్టు నెరిసింది. వాడు కాదు,' అనుకున్నాడు.

"ఊఁ, ఎత్తావు. ఎత్తాక?" అన్నాడు క్లెమ్.

ఆపేద్దామనుకున్నాడు. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. భయమేస్తే కొందరికి మాట పడిపోతుంది; జేబెజ్‌కి మాట ఊరుతుంది.

"ఎత్తి గిరగిరా తిప్పాను. ఆ గాలికి ముందు వరసలో టోపీలన్నీ లేచిపోయాయి, రెఫరీ మెడలో విజిల్ దానంతటదే మోగింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి జారింది. నేను విసరలేదు, జారింది, అది మాత్రం గుర్తుపెట్టుకోండి." ఓరకంట బెంచీ వైపు చూశాడు. ఆ మనిషి గ్లాసు కింద పెట్టి ఇటే చూస్తున్నాడు. "జారి, స్టాండు మీదుగా, గ్యాసు ఫ్యాక్టరీ పొగగొట్టం మీదుగా, పావురాలు పక్కకి తప్పుకుంటుంటే వెళ్ళి వెళ్ళి కాలవలో పడ్డాడు. నీళ్ళు ఒడ్డెక్కి చర్చి ముందు పెళ్ళివాళ్ళంతా తడిసి ముద్దయిపోయారు. బొగ్గు పడవ ఒకటి వెనక్కి కొట్టుకుపోయి సముద్రంలో తేలింది."

"పెళ్ళికూతురు కూడా తడిసిందా?" గ్లాసులు తుడుస్తూ అడిగింది పబ్బు నడిపే మిసెస్ ఆడీ.

"తడవడమేంటమ్మా, ఆ జలుబు ఎంతకీ వదల్లేదు, వాళ్ళ మొదటి పిల్లాడు తుమ్ముతూనే పుట్టాడు."

అందరూ నవ్వారు. బెంచీ మీది మనిషి నవ్వలేదు. లేచాడు. నేల పలకలు కిర్రుమన్నాయి. బయటికి పోవాలంటే ఉన్న ఒక్క దారీ అతని పక్కనుంచే.

"మరి రాక్లిఫ్ సంగతేంటి?" అన్నాడు క్లెమ్.

జేబెజ్ తలుపు వైపు చూశాడు. ఒక్క ఉపాయం తోచింది. చచ్చినవాడు వచ్చి కొట్టలేడు కదా.

"పాపం, పోయాడు," అన్నాడు గబగబా. "కాలవలోంచి తీసేసరికే పోయాడు. మంచివాడు. చాలా మంచివాడు. శవం బండికి ఆరు గుర్రాలు కట్టారు, నేనే ముందు నడిచాను, దారంతా ఏడుస్తూనే..."

భుజం మీద చెయ్యి పడింది.

"ఈనస్ రాక్లిఫ్‌ని నేనే," అన్నాడు ఆ మనిషి. "నేను ఏ కాలవలోనూ పడలేదు. నన్నెవడూ ఎత్తలేదు. ఇతను నాకు అడ్డం వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. నేను మీదనుంచి తొక్కుకుంటూ పోయాను. జరిగింది అంతే."

ఎవరూ నవ్వలేదు. క్లెమ్ కూడా జేబెజ్ మొహంలోకి చూడలేకపోయాడు. జేబెజ్ మళ్ళీ కళ్ళు మూసుకుని దెబ్బ కోసం ఎదురుచూశాడు.

దెబ్బ పడలేదు. భుజం మీది చెయ్యి ఎముక అతుక్కున్న చోటు వెతికి తడిమింది.

"ఎముక విరిగిన చప్పుడు విన్నాను," అన్నాడు ఈనస్. "నిన్ను మోసుకుపోతుంటే చూశాను, కదల్లేదు. నువ్వు పోయావని మా బస్సు దగ్గర ఎవరో అన్నారు. నిజమో కాదో నేను కనుక్కోలేదు. కనుక్కోకుండా ఉంటే, బతికే ఉన్నావని అనుకోవచ్చు కదా. ఆ తర్వాత ఈ ఊళ్ళో మ్యాచ్ అంటే చాలు, మోకాలు నొప్పని మానేసేవాణ్ణి. ఇప్పుడు ఆటా లేదు, సాకూ లేదు. ఇవాళ ఎవర్నైనా అడిగి తేల్చుకుందామనే వచ్చాను. అడగడానికి నోరు రాక అక్కడ కూర్చున్నాను."

క్లెమ్ జరిగి చోటిచ్చాడు. ఈనస్ జేబెజ్ పక్కన బరువుగా కూలబడి, మొహం ఒకసారి చేత్తో రుద్దుకున్నాడు.

"ఆపకు," అన్నాడు. "నువ్వు పోయావనుకోవడం కంటే నేను పోయాననడమే నయం. ఆరు గుర్రాలన్నావు. ఏ రంగువి?"

జేబెజ్ కళ్ళు తెరిచి అతని వైపు చూశాడు.

"నల్లవి," అన్నాడు చివరికి, వినీ వినబడకుండా.