దగ్గితే దొర్లుడు

"తాతా, ఎండకాలం సెలవులల్ల సంతోష్ సార్ దగ్గర జపానోళ్ల నింజుత్సు కొట్లాట విద్య క్లాసుల చేరుత. ఆయన షిహాన్ అంట కదా, అంటే ఏంది?"

షిహానా? వాడా? జర ఆగు బిడ్డా. ఆ చాయ్ ఇటియ్యి... కుడిచెయ్యి లేస్తలేదు, ఎడమచేతికియ్యి.

షిహాన్ అంటే గురువులకు గురువు. సెన్సై అంటే మన సార్ అన్నట్టు, గది శిష్యులు పిలవాలె గని మనంతట మనం పెట్టుకునేది కాదు. నడుమ షిదోషి, అంటే నేర్పనీకె హక్కొచ్చినోడు. నేను గదే. జహీరాబాద్‌ల గా మాట ఎవ్వనికి నోరు తిరగలే, ఊరంత కరాటే ఉస్తాద్ అనే పిల్శిన్రు. పిలవనీ, నాకేం.

గా హక్కు ఎట్లొస్తదో ఎరికేనా? కండ్లు మూసుకొని మోకాళ్ల మీద కూసోవాలె. గురువు ఎనుక నిలవడి వెదురు కత్తి ఎత్తుతడు. సప్పుడు చెయ్యడు. కొట్టాలన్న వాని తలంపు నీ ఎన్నుకు తెల్వాలె, గప్పుడే పక్కకు దొర్లాలె. ముందుగాల దొర్లినా తప్పే, ఆలిశమైనా తప్పే. పట్నంల శాన దెబ్బలు తిన్న. మీ నాయనమ్మ బొప్పిలకు పసుపు రాసుకుంట తిట్టేది, బస్సుకు పైసలు పెట్టుకొని పోయి తన్నులు తినొస్తవా అని. బస్సు టికెట్ గప్పుడు ఇంత యాడిది, అయినా ఆమెకు మంటనే... ఏం చెప్తున్న? ఆఁ, సంతోష్.

కోహీర్ పోరడు. చెరుకు కొట్టినంక మిగిలిన ఆకు మీద దొర్లుడు నేర్పిన. ఎండిన జొన్నసొప్ప పరిచి, సప్పుడు గాకుండ నడువుమన్న. మంచిగనే నేర్సిండు, కాదనను. కత్తి కింద కూసొమ్మంటేనే భయం. "సార్, కొట్టే ముందల జర దగ్గుర్రి" అన్నడు. ఛీ, లే అన్న. లేశి పోయిండు, మల్ల రాలే.

మొన్న ఫంక్షన్ హాల్ల వాని క్లాసు పిల్లలతోని జల్సా పెట్టిండు, జనానికి చూపెట్టనీకె. నన్ను పిల్శిండు. ఎంతైనా నేర్పినోన్ని కదా అని పోయిన. పిల్లలు కండ్లు మూసుకొని కూసున్నరు. వాడు ఎనుక నిలవడి ఖళ్లుమని దగ్గుతడు, వీళ్లు దొర్లుతరు. జనం ఒకటే సప్పట్లు. నేను కొట్టలే బిడ్డా.

ఇగ నన్ను స్టేజీ ఎక్కిచ్చి శాలువ కప్పిండు, "మా గురువుగారు గూడ చూపిస్తరు" అని మైకుల చెప్పిండు. కూసున్న. దగ్గిండు. నాకేం చెవుడా, ఇనవడ్డది. దొర్లలే. మల్ల దగ్గిండు. జనం చూస్తున్నరాయె, ఇగ కొట్టిండు.

దెబ్బ వస్తదని ఎరుకైంది నాకు, ఎన్నుకు తెల్శింది. అయినా కదల్లే. దొర్లితే దగ్గుకే దొర్లిండనుకుంటరు కదా! ఈ కుడిభుజం మీదనే పడ్డది. హాలంత నవ్వింది, ముసలాయన పనైపోయిందని. వాడు గూడ నవ్విండు. దవాఖానకు నేనొక్కన్నే పోయిన.

చేరుతవా, చేరు. నేనొద్దంటె ఆగుతవా. సల్లంగ ఉండు బిడ్డా. ఒక్కటే మాట, వాని ముందల కూసున్ననాడు చెవులల్ల దూది పెట్టుకో. దెబ్బ తగిల్తె తగలనీ, ఇంటికి రా. ఎడమచేత్తోనన్న పసుపు నేను రాస్త...