సీలు విప్పని ఫోను

రేపల్లె స్టేషను ఎదుట సుబ్బాయమ్మ టీ బంకులో గ్లాసు ఖాళీ అయినా బుడే సాహెబ్ లేవలేదు. గడియారాలు బాగుచేసే మనిషి. జనం సెల్‌ఫోన్లో టైము చూసుకోవడం మొదలెట్టాక కొట్లో పని లేదు, భార్య లాల్ బీ పోయాక ఇంట్లో మాట లేదు. దాచుకున్న మాటలన్నీ ఈ బల్ల మీదే ఖర్చవ్వాలి.

"సెకండ్‌హ్యాండ్ ఫోను కొనడమంటే పిల్లలాటనుకున్నావురా బర్నబాసూ? మొన్న తెనాలిలో గూడ్స్ షెడ్డు వెనక్కి రమ్మన్నాడొకడు, సరేనని ఒక్కణ్ణే వెళ్ళా, ఫోను చేతిలో పెట్టాడు, స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ నొక్కానా, ఫోను అసలు నంబరు తెర మీద పడింది, డబ్బా మీది నంబరు వేరు! వాడికి ముచ్చెమటలు."

"వాడి వెనక నలుగురు లేరా?" ఆటో నడిపే బర్నబాస్ ఎగదోశాడు.

"నలుగురా! పన్నెండు మంది, తాటిచెట్లలాంటోళ్ళు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఛార్జరు వైరుతో పన్నెండు మందినీ ఒకే ముడిలో కట్టేశా."

"వైరు రెండు మూరలే కదా బాబాయ్?"

"లాగితే సాగిందిరా! వచ్చే పాసింజరు ఆగిపోయింది, డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు. ఆ గొడవలో ఫోను కాలవలో పడిందా, దానికి రింగిచ్చా. ఎవరెత్తారనుకున్నావు? కొర్రమీను! 'లైన్లో ఉండండి సాహెబ్ గారూ' అని మూతితో ఒడ్డుకి తోసింది. ఇప్పుడది నా జేబులోనే ఉంది!"

బల్ల అదిరేలా నవ్వారు. సాహెబ్‌కి కడుపు నిండింది.

సుబ్బాయమ్మ మాత్రం నవ్వలేదు. "చేప సంగతి ఎలా ఉన్నా, ఒక్కరే వెళ్ళి కొనుక్కొచ్చారుగా అన్నయ్యగారూ. ఫోను అమ్ముతానని నన్నూ ఆ షెడ్డు వెనక్కే రమ్మన్నాడొకడు, రేపు నాలుగింటికి, ఒంటరిగా. జంకుతున్నా. మీ మాటతో ధైర్యమొచ్చింది, వెళ్ళొస్తా."

సాహెబ్ నవ్వు ఆగిపోయింది. గొప్పలు చెప్పుకోవడం తప్పు. ఆ గొప్ప నమ్మి ఇంకొకరు గోతిలో పడితే అది పాపం.

"ఏదీ, ఆ ఫోను చూపించు బాబాయ్," అన్నాడు బర్నబాస్.

సాహెబ్ జేబులోంచి తీసి ఇచ్చాడు. బర్నబాస్ అటూ ఇటూ తిప్పాడు. "ఇది షాపులో అద్దాల వెనక పెట్టే బొమ్మ కదా! తెర మీద కాయితం. ఊరందరి గడియారాల వీపులూ విప్పుతావు, దీని వీపు విప్పి చూడలేదా?"

"సీలుందిరా. విప్పితే గ్యారంటీ పోతుందన్నాడు. నా కొట్లో నేను చెప్పే మాటే అది. నా మాట నాకే అమ్మాడు."

"మరి పన్నెండు మంది?"

"ఒక్కడే. మామయ్యా అన్నాడు. అరగంట కూర్చుని కబుర్లు చెప్పాడు. టీ ఇప్పించాడు. అలాంటోడి ముందు సీలెలా విప్పను?" సుబ్బాయమ్మ వైపు తిరిగాడు. "వెళ్ళకు చెల్లెమ్మా."

"ఆ రోజు తోడు రమ్మనుంటే నేను వచ్చేవాణ్ణి కాదా బాబాయ్?" అన్నాడు బర్నబాస్.

సాహెబ్‌కి ఎవర్నీ పిలిచే అలవాటు పోయింది.

సుబ్బాయమ్మ బంకులోని కాయిన్ ఫోనులో రూపాయి వేసి తనని రమ్మన్నవాడి నంబరు నొక్కింది. "ముగ్గురం వస్తాం బాబూ. బజార్లో షాపు దగ్గరికి రా. వీపు విప్పి, సిమ్ము వేసి, మాట్లాడి చూశాకే డబ్బులు."

ఒక్క క్షణం విని రిసీవరు పెట్టేసింది. "కట్ చేశాడు."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఇంకో టీ పోసి సాహెబ్ ముందు పెట్టింది.

"మంచిది దొరికి కొన్న రోజున మొదటి ఫోను మీకే చేస్తానండి అన్నయ్యగారూ."

సాహెబ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏ నంబరుకమ్మా?"