రోడ్డుకి అవతల

ఆసుపత్రిలో చికిత్స గది. కళ్లకు బొమ్మల లోకం చూపించే హెడ్‌సెట్ తగిలించుకుని నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్ల, పక్కన తల్లి, తెర ముందు థెరపిస్టు.

"మళ్లీ రోడ్డు ఆటేనా మేడమ్? నిన్నటి కొట్టు ఆటే పెట్టండి. సరుకులన్నీ చక్కగా తీసింది."

"కుడి అరలోవే తీసిందండీ. బస్సు గుద్ది తలకి దెబ్బ తగిలాక, ఎడమ పక్కన ఏదైనా ఉందంటే తన బుర్రకి తట్టట్లేదు. అటు తల తిప్పడం అలవాటైతేనే బడికి పంపగలం."

"పంపకపోతే మానె. నా కొంగు పట్టుకుని ఇంట్లోనే ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

"నేనున్నన్నాళ్లు."

"అమ్మా, ముక్కు దురద!"

"నేను గోకుతాలే, ఉండు. కదలకు పిచ్చుకా."

"పిచ్చుకా, ఈ అక్కకి చెప్పు, ఏం కనిపిస్తోంది?"

"రోడ్డు. అటుపక్క ఐస్‌క్రీం బండి. కొనిపెడతావా అక్కా?"

"అది బొమ్మ బండే!"

"పిసినారి అక్క."

"చూశారా, నోరు మాత్రం బాగుపడింది."

"దానికి నోరెప్పుడు పోయింది గనక! మేడమ్... ఇది ఆడుతుంటే ఆ రోజుది గుర్తొస్తుందా దానికి?"

"రావచ్చు. వస్తే మంచిదేగా?"

"మంచిదే... మంచిదే. ఊరికే అడిగా."

"ఒకటే నాకు అంతుపట్టట్లేదు. ఈ ఆటలో రోడ్డు మీదికి బంతి దొర్లిస్తే అసలు కదలదు. మీరేమో ఆ రోజు బంతి వెనకే పరిగెత్తిందన్నారు."

"అవును, బంతే. అందరికీ చెప్పాగా, బంతే."

"సరే, బంతి వద్దు. మీరు పిలవండి. ఈ మైకులో మాట్లాడితే తనకి రోడ్డుకి అవతల నుంచి వినిపిస్తుంది."

"నేనా? నా గొంతు బాగాలేదు. వాళ్ల నాన్న వచ్చాక..."

"అమ్మ పిలిస్తే పిల్లలు అన్నీ మరిచిపోతారు. అప్పుడు కూడా ఆగి చూస్తుందా అన్నదే పరీక్ష."

"వద్దు మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటా. నేను పిలవను."

"ఇందులో వచ్చేది బొమ్మ బస్సండీ! గుద్దినా ఏమీ కాదు. మైకు అలా నెట్టేస్తారేంటి?"

"అమ్మా, ఎక్కడున్నావ్? కనపడట్లేదు. అమ్మా!"

"పిలవండి, భయపడుతోంది."

"...పిచ్చుకా. ఇక్కడే ఉన్నా. రా... తొందరగా రా."

"అదిగో, అడుగేస్తోంది."

"మేడమ్, ఎడమ నుంచి బస్సు! తియ్యండి, దాని కళ్ల మీంచి అది తీసెయ్యండి!"

"ముట్టుకోకండి! ఆగింది. ఉండండి, ఉండండి... తల తిప్పింది! ఎవరూ చెప్పకుండానే తిప్పింది! బస్సుని పోనిచ్చింది!"

"తిప్పిందా? నేను కళ్లు మూసుకున్నా."

"దాటేసింది కూడా! అయ్యో, ఏడుస్తారేంటండీ? పిచ్చుకా, శభాష్!"

"అమ్మా, ఆ రోజు నువ్వు తొందరగా రమ్మన్నావని చూడకుండా వచ్చేశా. ఈసారి చూశా కదా? ఇంక ఏడవకు."