దొరల ఆకు

లేదు అయివోరా, నేను జరగను. ఈ బెంచీ మీ ఒక్కరిదా? బస్టాండు మన తాలూకా బోర్డుది, నేను ఆ బోర్డు మెంబరును. చింతామణి బస్సుకు ఇంకా అర గంట ఉండాది, టైరు మారుస్తాండారంట. అందాక నేను ఈడనే కూచుంటా.

మొగం తిప్పుకుంటే తిప్పుకోండి. చెవులు ఈ పక్కనే ఉండాయి కదా, నాకు అది చాలు.

బాగేపల్లంతా ఏమంటాండారో విన్నారా? చిత్రకళా శాలె నరసింహయ్య అయివోరికి చేయి పోయిందంట, ఆకు బొమ్మ రాస్తే గీత పక్కకు పోయిందంట, అందుకే రాజీనామా ఇచ్చి సొంతూరికి పోతాండాడంట. పాపం అంటాండారు. టీ అంగట్లో గలాసు కడిగే ముసిలామె కూడా పాపం అనె. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతాది. మిమ్మల్ని పాపం అనేదానికి వీళ్ళెవరు? వీళ్ళకు మీరేం చేసినారు?

నేనెవరో గుర్తుండాదా? మెంబరు పిళ్ళప్ప అనుకుంటే కాదు. ఎలక్షన్లలో గోడల మీద గుర్తులు రాసేది, అంగళ్ళకు బోర్డులు రాసేది, ఆ పిళ్ళప్ప కూడా కాదు. పాతపాళ్యం గురప్ప కొడుకును. మూడో వరస, కిటికీ పక్కన. ఆ... ఇప్పుడు గొంతు సవరించుకుంటాండారు. గుర్తు లేకుండా ఎట్ల పోతాది.

రెండేండ్లు ఒకే ఆకు రాయిస్తిరి మాతో. మహారాజుల కాలంలో దొరల సీమ నుంచి తెప్పిచ్చిన అచ్చు పటమంట, అంచులంతా సుళ్ళు తిరిగిన ఆకు. ఆ చెట్టును ఎవుడన్నా చూసినాడా ఈ సీమలో? మేకలకు కూడా దాని రుచి తెలీదు. మేము దానికి దొరల ఆకు అని పేరు పెట్టుకుంటిమి. పొద్దున వస్తే దొరల ఆకు, సాయంత్రం పోతే దొరల ఆకు. కండ్లు మూసుకుంటే అదే.

రాసుకొని తెస్తే మీరు మాట్లాడరు. మా కాగితాన్ని పటం మీద పెడతారు, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తి పడతారు. గీత మీద గీత కూచుంటే ఇంకొక కాగితం ఇస్తారు. వెంట్రుక వాసి పక్కకు పోయిందా, చించి చేతిలో పెడతారు. అంతే చదువు. దాన్ని బొమ్మలు నేర్పించేది అంటారా, గానుగెద్దును తిప్పేది అంటారా?

ఒక పొద్దు మా నాయిన వచ్చినాడు. పాతపాళ్యం నుంచి నడిచి. నాకు సంగటి మూట, చేతిలో కొత్త పంట రాగి వెన్నులు రెండు. కొడుకు చదివే బడి చూడాలని ఆశ ఆయప్పకు. గడప దగ్గర చెప్పులిడిచి నిలబడినాడు. నేను ఆ పొద్దు దొరల ఆకు రాయలే. రాగి వెన్ను రాస్తిని. ముడుచుకున్న వేళ్ళ మాదిరి దాని కొనలు, ఒక పక్క పిట్టలు తినిపోయిన ఖాళీ, కాడ మీద పొర, ఏదీ వదల్లే. నా జన్మలో అంత ఇష్టంగా ఏదీ రాసింది లేదు.

మీరేం చేస్తిరి? ఆ రాగి వెన్నును తీసుకోని దొరల ఆకు మీద పెట్టి కిటికీకి పట్టినారు. యాడన్నా కలుస్తాదా? నాకు నవ్వు వచ్చె. నవ్వినాననే కదా మీ కోపం. నిజం చెప్పండి.

కాగితం చించినారు, సరే. అది నాకు అలవాటే. మా నాయినను లోపలికి పిలిచి ఏమంటిరి? నీ కొడుకు చేతికి భయం లేదు గురప్పా, భయం లేని చేయి బొమ్మకు పనికిరాదు, మడక పట్టించి దున్నించు. ఇరవై మంది పిల్లోండ్ల ముందర. మా నాయిన మీ కాళ్ళకు మొక్కి నన్ను పిల్చుకపోయినాడు. నా బతుకు తుంచిన మనిషి కాళ్ళకు మొక్కినాడప్పా ఆయన.

సచ్చేదాకా అంతే. నా చేతిలో సుద్దముక్క కనపడితే చాలు, అయివోరు వద్దన్న పని నీకేల అనేవాడు. ఈ ఊర్లో నేను మొదటి బోర్డు రాస్తే, బట్టలంగడి మీద, ఎర్ర అక్షరాలు, ఊరంతా నిలబడి చూసె. మా నాయిన సంతకు వచ్చి కూడా ఆ వీధిలోకి రాలే. మీ మాట ఆయనకు వేదం. కొడుకు అబద్దము, అయివోరు నిజము.

ఇరవైనాలుగేండ్లు అయివోరా. పగ పట్టిన పాము మాదిరి అంటారే, పాము నయం. దానికి అన్నేండ్ల ఆయుస్సు ఉండదు.

బోర్డు సభలో నేను చెప్పింది అబద్దమైతే చెప్పండి. మగ్గమోండ్ల పిల్లోండ్లు వస్తాండారు, కుమ్మరోండ్ల పిల్లోండ్లు వస్తాండారు, మూడేండ్లు కూచోని దొరల ఆకు తప్ప ఏమీ తెలీకుండా పోతాండారు. స్వాతంత్ర్యం వచ్చి పదిహేడేండ్లాయె, ఈ బడికి మాత్రం ఇంకా రాలేదా అంటి. బల్లలు కొట్టినారు. ఇంకొక మెంబరు గోపాలప్ప లేచి, సాలు నేరుగా దున్నడం రానోడు పంట తీస్తాడా, గీత నిలబడనోడు బొమ్మ రాస్తాడా అన్నాడు. వానికీ కొట్టినారు బల్లలు. మీవాడే కదా గోపాలప్ప. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. అధ్యక్షులు ఆదినారాయణప్ప ఎటూ తేల్చలేక మీసం దువ్వుకుంటా కూచునె.

నేను అడిగింది ఒకటే. అయివోరు పిల్లోండ్లకు పెట్టే పరీక్ష అయివోరికే పెడదాం. ఆకు రాయనీ, పటం మీద పెట్టి కిటికీకి పడదాం. కలిసిందా, బడి ఇట్లనే నడవనీ, నేను మెంబరుగిరి ఇడిచిపెడతా. కలవలేదా, ఈ పద్ధతి నిలిపేది. అంతే కదా నేను అడిగింది? తప్పా?

మీరు నవ్వినారు. ముప్పైఒక్క ఏండ్లు రాసిన ఆకుకు పటం చూసే పని లేదని, పటాన్ని బల్ల మీద బోర్లించినారు. మీరు ఆ పటం దిక్కు ఒక్క చూపు చూసింటే నేను ఆ పొద్దే ఊరు ఇడిచి పోవాల్సింది. మీరు చూడరని నాకు తెలుసు. పటం మేము చూసేదానికే గానీ మీరు ఎప్పుడు చూసినారు? అదే కదా మీ గర్వం.

రాసినారు. కిటికీకి పట్టినారు. మొదటి సుడి కలిసె, రెండోది కలిసె. మూడో కొన అర వేలు పక్కకు పోయె. వెనక వరసలో ఎవుడో కిసుక్కుమనె.

అప్పుడన్నా పటాన్ని చూస్తారేమో అని నేను వాకిలి దిక్కు జరుగుతాంటి. మీరు చూడలే. మీ చేయి చూసుకున్నారు. తిప్పి తిప్పి చూసుకున్నారు. చేయి పోయిందప్పా అని అధ్యక్షులకు చెప్పి, ఆడనే కాగితం అడిగి రాజీనామా రాసిచ్చినారు.

నాలుగు దినాలాయె. నాకు సంగటి రుచి తెలుస్తాలేదు. మనసు కరిగింది వీనికి అనుకుంటాండారేమో. అదేం లేదు. ముసిలితనం అయివోరిని ఓడించింది అని ఊరు అంటాండాది. మీరూ అదే నమ్ముకొని ట్రంకు సర్దుకొని పోతాండారు. మరి నేను? నేనేమైతిని? ఇంత చేసి, మిమ్మల్ని ఓడించిన పేరు ముసిలితనానికి పోతే నేను ఊరుకోవాలా?

విను. నీ చేయి పోలే.

నువ్వు అనే అంటాండా. అను, ఎంత పొగరో అను. ఎండాకాలం సెలవుల్లో, పటం అంచులు చినిగినాయి, అతికిచ్చి తెస్తానని నీ దగ్గర తీసుకుంటి. నీ చేత్తో నువ్వే ఇచ్చినావు, మెంబరుకు బుద్ధి వచ్చిందని సంతోషపడినావు. సభ రోజు పొద్దున నేను తెచ్చిచ్చింది ఆ పటం కాదు. అది నేను రాసింది.

నెల పట్టె. నలభై కాగితాలు పొయ్యిలో పెట్టినా. టీ డికాక్షన్లో ముంచి ఆరబెట్టి కాగితానికి ముసిలితనం తెచ్చినా. కింద ఉండే ఇంగ్లీషు అక్షరాలు కూడా, నాకు ఒక్క ముక్క తెలీదు, సన్న కలంతో దించేసినా. అంతా అచ్చు మాదిరే. మూడో కొన మాత్రం అర వేలు జరిపినా. నువ్వు రాసిన ఆకులో వెంట్రుక వాసి తప్పు లేదు నరసింహయ్యా. తప్పు పటంలో ఉండె. ఆ తప్పు నాది.

పోలీసోళ్ళకు చెప్తావా, పోయి చెప్పు. అసలు పటం బూడిదైపోయె. ఎవురు నమ్ముతారు నిన్ను? ఓడిపోయిన ముసిలోడు సాకులు చెప్తాండాడంటారు. నిన్ను ఓడించింది నేను. అది తెలుసుకొని పో, అది తెలుసుకొని బతుకు. ఇది చెప్పేదానికే ఎండలో ఈడికి వచ్చింది నేను.

ఏమి అట్ల చూస్తాండావు? తిట్టు. కొడతావా, కొట్టు.

ఏమంటివి? మూడో సుడి కాడ కలం ఎత్తినానా అనా?

...ఎత్తలే. కలం ఎత్తితే సిరా గడ్డకడతాది, నీకు తెలిసిపోతాది. ఒక్క ఊపులో తిప్పినా. మోచేయి బల్లకు ఆనీకుండా, ఊపిరి బిగబట్టి. అట్లనే కదా మీరు నేర్పించింది. ఇంకెట్ల వస్తాది?

ఇప్పుడవన్నీ ఏటికి అడుగుతాండారు?

మళ్ళీ అనండి.

బాగుండాదా?

దొంగ పటం అయివోరా అది. మీ కొంప తీసిన పటం. అది బాగుండాదా మీకు?

బస్సు వస్తాండాది. లేయండి, ఎక్కి పోండి. నవ్వుతా పోతాండారు చూడు, నేనేదో బహుమానం ఇచ్చినట్ల. బాగుండాదనే ఈ మాట మా నాయిన బతికుండంగ ఆయన చెవిన పడేట్ల చెప్పింటే నేను బోర్డుకు నిలబడే పనే లేదు. పగ తీరినాకైనా కడుపు చల్లబడతాదని అనుకుంటి. అది కూడా లేకుండా చేస్తిరి కదా.