నేను రాయని అంకె

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఊరి పెద్ద గవ్రీల్ గారికి, నగరంలోని వాతావరణ కేంద్రం తరఫున రెండు విమానాలు మారి, ఆఖరి అరవై కిలోమీటర్లు ట్రాక్టరు మీద ఎగిరెగిరి పడుతూ వచ్చిన ఇంజనీరు ఐతలీనా గారికి, ముందు వరుసలో ఎప్పటిలాగే టోపీ తియ్యకుండా కూర్చున్న బహిలాయ్ తాతకు, పెద్దలకు, తోటివాళ్లకు, వెనక తలుపు దగ్గర నిలబడి వంటగది వైపే చూస్తున్న మిత్రులకు, అందరికీ నమస్కారం. (నవ్వులు) ఈ ఉదయం ఎనిమిది గంటలకు మైనస్ నాలుగు, ఉత్తరపు గాలి, సగం ఆకాశం మబ్బు. క్షమించండి, ముప్ఫై నాలుగేళ్లుగా ఎవరు పలకరించినా నా నోట ముందు ఇదే వస్తుంది.

గవ్రీల్ గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. విందుకి చిలికిన మీగడ నురగ కరిగిపోతుంది, క్లుప్తంగా ముగించు అగ్రఫేనా అక్కా అని చెవిలో చెప్పారు కూడా. ఈ గవ్రీల్ గారు రెండో తరగతిలో ఉండగా, జనవరి నెలలో, ఇక్కడి నా వాతావరణ పరిశీలన గది దగ్గర థర్మామీటర్లుండే తెల్లపెట్టె ఇనప నిచ్చెన ఎలా ఉంటుందో రుచి చూద్దామని నాలుక ఆనించారు. ఆరోజు మైనస్ యాభై రెండు డిగ్రీల చలి. నేను గోరువెచ్చని టీ పట్టుకెళ్లి బొట్టుబొట్టుగా పోస్తూ ఆ నాలుకను విడిపించాను. అంచేత అధ్యక్షులవారి నాలుకకూ నాకూ పాత పరిచయం, పది నిమిషాలు అన్నప్పుడు అది కాస్త సాగుతుందని దానికి ముందే తెలిసి ఉండాలి. (నవ్వులు. గవ్రీల్ గారు చేతులు జోడించారు.)

నేను వాతావరణ పరిశీలకురాలిగా ఈ ఊరికి వచ్చేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. చదివింది పుస్తకాల వాతావరణం. మొదటి చలికాలం, జనవరి ఆఖరున, బహిలాయ్ తాత (అప్పటికింకా తాత కాదు, మంచి మీసమున్న మనిషి) నా పరిశీలన గదికి వచ్చి, చేతి తొడుగులు పొయ్యి మీద ఆరబెట్టుకుంటూ, "ఏం పిల్లా, కొమ్ము రాలిందా?" అని అడిగాడు. నేను తెల్లమొహం వేశాను. చలికాలం ఒక ఎద్దు అనీ, జనవరి చివర దాని మొదటి కొమ్ము రాలుతుందనీ, తర్వాత రెండోదనీ, వసంతంలో తల తెగి పడుతుందనీ, మే నెలలో ఆ కళేబరాన్ని నది సముద్రందాకా మోసుకుపోతుందనీ మా అమ్మమ్మ చెప్పినవన్నీ కాలేజీలో మరిచిపోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మళ్లీ చెప్పాడు. నేనా నెల నివేదికలో 'ఇతర విశేషాలు' అన్న గడిలో 'మొదటి కొమ్ము రాలింది' అని రాసి పంపాను. నగరంలోని కేంద్రం నుంచి రేడియోలో అడిగారు: "అగ్రఫేనా గారూ, ఏ పరికరం కొమ్మండీ అది? కొత్తది పంపమంటారా?" (నవ్వులు)

అంకెలు నేను నేర్చుకుని వచ్చాను, అడగడం మీ దగ్గర నేర్చుకున్నాను. మనం నదిని పేరు పెట్టి పిలవం. అవ్వ అంటాం. అవ్వ ఎప్పుడు లేస్తుందని అడగం. పెద్దవాళ్ల నిద్రకు రోజులు లెక్కపెట్టడం మర్యాద కాదు. కేంద్రంవారు మాత్రం ఏటా ఏప్రిల్ చివర, నది మీద గడ్డకట్టిన మంచు ఏ తేదీన కదులుతుంది, రాసి పంపండి అంటారు. మధ్యలో నేను. పొద్దున్నే నదిలో నీటిమట్టం కొలకర్ర చూసి వస్తుంటే దారిలో ఎవరో ఒకరు ఆవుకి గడ్డి వేస్తూనో, వల బాగుచేస్తూనో, తల ఎత్తకుండా "అవ్వ నిద్ర ఎట్టా ఉంది?" అంటారు. "బాగా పడుకుంది" అంటే పనులు చూసుకోండని. "అటూ ఇటూ దొర్లుతోంది" అంటే పడవలు పైకి లాక్కోండని, లంక మీది ఆవుల్ని ఇవతలికి తోలుకోండని. ముప్ఫై నాలుగేళ్లు మీరు నన్ను అంతకంటే ఎక్కువ అడగలేదు. అంతమాత్రం మాట మీద ఇంత ఊరు నడిచిందంటే అది నా గొప్ప కాదు, మీ మంచితనం.

మీరిచ్చిన గుర్రపు వెంట్రుకల చాప చాలా బాగుంది. గడియారం కూడా బాగుంది, ఇక పొద్దున ఎనిమిదింటికి కొలతలు తీయక్కర్లేని మనిషికి గడియారం ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదో గాని. (నవ్వులు) కేంద్రంవారి సన్మాన పత్రం ఐతలీనా గారు ఎంతో చక్కగా చదివారు. గొంతు బాగుంది తల్లీ. అందులో నాలుగో వాక్యం ఉంది చూడండి, 'ముప్ఫై నాలుగు సంవత్సరాలలో ఒక్క అంకె కూడా తప్పు రాయని' అని.

(నీళ్లు తాగారు.)

నిజం చెప్పొద్దూ, నేనివాళ ధన్యవాదాలు చెప్పి కూర్చుందామనే వచ్చాను. ఇది చెప్పాలన్న ఉద్దేశం లేదు. కానీ ఆ వాక్యం విని, దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకుని, దాని కింద కూర్చుని టీ తాగడం నావల్ల కాదు.

పంతొమ్మిదేళ్ల కిందటి వసంతం ఇక్కడ సగం మందికి గుర్తుంది. ఆ ఏడు కేంద్రంవారి అంచనా, చలి ఎక్కువ, మంచు ఆలస్యంగా కదులుతుంది, నెమ్మదిగా పోతుంది, భయం లేదు అని. మే పద్నాలుగు పొద్దున నేను మంచులో కన్నం దగ్గరికి వెళ్లి కొలకర్ర చూశాను. ముందురోజు రెండువందల పన్నెండు. ఆరోజు రెండువందల యాభై ఒకటి. ఒక్క రాత్రిలో ముప్ఫైతొమ్మిది సెంటీమీటర్లు. నేను ఆ అంకె చూశాను, అంచనా కాగితం గుర్తు చేసుకున్నాను. ఇంత పెద్ద కేంద్రం, ఇంతమంది చదువుకున్నవాళ్లు తప్పు చెబుతారా, మంచు నెట్టి కర్రే పక్కకి ఒరిగి ఉంటుంది అనుకున్నాను. పుస్తకంలో రెండువందల పన్నెండు అనే రాశాను. నిన్నటి అంకె. తప్పు సవరించాననుకున్నాను. వాళ్లు నా అంకె చూసి తమ అంచనా సరైనదే అనుకున్నారు, నేను వాళ్ల అంచనా చూసి నా అంకె మార్చాను. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయాం.

తిరిగి వస్తుంటే బహిలాయ్ తాత తన వాకిట్లో మంచు మీద లాగే బండి, స్లెడ్జి, చక్కపెట్టుకుంటున్నాడు. "పిల్లా, అవ్వ నిద్ర ఎట్టా ఉంది?" అన్నాడు. "బాగా పడుకుంది" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మంచు కదిలి నీళ్లు లంకని ఎలా ముంచేశాయో మీకు నేను చెప్పక్కర్లేదు. లంక మీద ఆయనవి పద్నాలుగు ఆవులు. ఒక్కటీ మిగల్లేదు. ఆయన భార్య వర్వారా ఆ వేసవంతా ఖాళీ పాలబిందెలు తోమి, బోర్లించి, ఎండబెట్టి, మళ్లీ తోముతుండేది. ఊళ్లో అందరూ కేంద్రాన్ని తిట్టారు. "నగరంలో కూర్చుని మన అవ్వ సంగతి వాళ్లకేం తెలుస్తుంది, మన అగ్రఫేనా ఏం చేస్తుంది పాపం" అన్నారు. నేను ఆ పాపం అనే మాట వెనక పంతొమ్మిదేళ్లు దాక్కున్నాను. ఆయన మళ్లీ రెండు దూడలతో మొదలుపెట్టాడు. ఏటా జూన్‌లో మొదటి మీగడ చిలికిన రోజున ఒక గిన్నె నాకు తెచ్చి ఇస్తాడు. ఏటా తిన్నాను. ఎంత సిగ్గుగా ఉండేదో అంత రుచిగానూ ఉండేది, అదే భరించలేకపోయేదాన్ని.

(గవ్రీల్ గారు గ్లాసులో నీళ్లు నింపి ఇచ్చారు.)

వద్దు నాయనా, బాగానే ఉన్నాను. ఏడవడానికి కాదు ఇది చెప్పింది. అసలు సంగతి ఇప్పుడొస్తోంది, కాస్త వినండి.

మొన్న వచ్చిన కేంద్రంవారి అంచనా మీరంతా పంచాయతీ గోడ మీద చదివారు. మే నెలలో సాధారణం కంటే మూడు డిగ్రీల చలి, ఉత్తరపు గాలి, ఇరవై రెండు తర్వాతే మంచు కదులుతుంది, నెమ్మదిగా పోతుంది. అందుకే లంక మీది ఆవుల్ని ఇంకా తోలుకురాలేదు. అక్కడ గడ్డి ఉంది, తొందరేముంది అనుకున్నాం. నా బదులుగా బిగించిన కొత్త యంత్రం కూడా నీరు పెరగలేదనే అంటోంది. నాలుగు రోజులుగా అది పంపే అంకె నూటతొంభై ఎనిమిది. నిన్నా అదే, ఇవాళా అదే. ఐతలీనా తల్లీ, నీ యంత్రాన్ని తిట్టడం లేదు, అది మంచిదే. కానీ అవ్వ వసంతంలో నాలుగు రోజులు ఒకే అంకె మీద నిలబడదమ్మా. దాని గొట్టం మంచులో బిగుసుకుపోయింది. కొత్త నీరు దానికి అందడం లేదు కాబట్టి నిన్నటి అంకెనే మళ్లీ రాస్తోంది. పంతొమ్మిదేళ్ల కిందట నేనూ అదే చేశాను. పాపం అది గడ్డకట్టి చేసింది, నాకు ఆ సాకు కూడా లేదు.

నేటితో నా కొలువు ముగిసింది. అయినా కాళ్లు ఊరుకోక పొద్దున్నే వెళ్లి కొలకర్ర చూశాను. రెండువందల నలభై ఒకటి. నిన్నటికంటే ముప్ఫై ఎనిమిది ఎక్కువ. ఈసారి కర్ర ఒరిగిందేమోనని గుండు దారం కట్టి చూశాను, నిటారుగానే ఉంది. ఎగువ ఊరి ప్రొకోపీతో రేడియోలో మాట్లాడాను. "మా దగ్గర ఆరింటికే కదిలిందమ్మో, పడవల రేవు కొట్టుకుపోయింది, మీకింకా చలేనా?" అన్నాడు. చలే. అదే ప్రమాదం. ఎగువన వెచ్చబడి దిగువన చలిగా ఉంటే, పైవాళ్ల మంచు వచ్చి కదలని మన మంచుకి గుద్దుకుని ఆగిపోతుంది. నీళ్లు పక్కకి దారి చూసుకుంటాయి. పక్కన ఉన్నది లంక. దాని మీద ఈ ఊరి ఆవులు నలభై మూడు, పిల్లలతో ఉన్న ఆడగుర్రాలు పంతొమ్మిది.

తొమ్మిదింటికి ఇది గవ్రీల్ గారికి చెప్పాను. ఆయన్ని తప్పుపట్టొద్దు. యంత్రం ఒకటి, అంచనా ఒకటి, రెండూ ఒక మాట చెబుతుంటే, రిటైరైన మనిషి మాట పట్టుకుని సన్మానం రోజున ఊరిని ఎలా పరుగెత్తిస్తాడు? "భోజనాలయ్యాక రేపు చూద్దాం అక్కా" అన్నాడు. నేనూ సరే అన్నాను. సరే అని, ఈ కుర్చీలో కూర్చుని, ఒక్క అంకె తప్పు రాయని మనిషి అన్న మాట విన్నాను. యంత్రం ఎలా తప్పు చెబుతుందో, అంచనా ఎలా తప్పు చెబుతుందో నేను చెబితే మీరెందుకు నమ్మాలి? ఆ రెండింటి తప్పునీ ఒకసారి నా చేత్తో నేనే చేశానని చెబితే తప్ప నమ్మరు. అందుకని చెప్పాను.

ఎగువ మంచు మన దగ్గరికి రేపు సాయంత్రంలోగా వస్తుంది. ఈ పూట గాలి ఉత్తరంగా ఉంది, మైనస్ రెండు, ఒడ్డు దగ్గర పలకలు పరిస్తే పశువులు దాటుతాయి. రేపటికి ఒడ్డు విడిపోతుంది. కాబట్టి సభాముఖంగా, అవ్వకి క్షమాపణ చెప్పుకుని, మర్యాద తప్పి అడుగుతున్నాను: ఇప్పుడే వెళ్దాం.

(ముందు వరుసలో బహిలాయ్ తాత లేచి నిలబడ్డాడు.)

"ఏమే పిల్లా, నీ ఒక్కదానికే కళ్లున్నాయనుకున్నావా? పంతొమ్మిదేళ్ల కిందట ఆ పొద్దున నీకంటే ముందు నీళ్లకెళ్లింది నేను. కర్ర మీద నీళ్లు రాత్రికి రాత్రే నా మోకాలెత్తు పెరగడం చూసే వచ్చా. అందుకే గదా స్లెడ్జి తీసింది, ఆవుల కోసం. నువ్వొచ్చి బాగా పడుకుందన్నావు. చదువుకున్న పిల్ల, దానికి తెలీదా, నా కళ్లే మసకలేసుంటాయిలే అని స్లెడ్జి మళ్లీ లోపల పెట్టేశా. మా వర్వారాకి ఇప్పటిదాకా చెప్పలా. చెబితే నన్ను చంపేసేది."

(ముందుగా ఆయనే నవ్వాడు.)

తాతా, ఇన్నేళ్లూ ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదు?

"నువ్వెందుకు చెప్పలా? పంతొమ్మిదేళ్లు మీగడ తిన్నావుగా, నోరు ఖాళీ లేకపోయిందా? సరేలే. ఇప్పుడు చెప్పు. అవ్వ నిద్ర ఎట్టా ఉంది?"

లేచి కూర్చుంది తాతా. జుట్టు ముడేసుకుంటోంది.

"ఇంకేం మరి, ఉపన్యాసం ఇంకా ఉందా, అయిపోయిందా?"

అయిపోయింది. గవ్రీల్ గారూ, సభ మీది కాబట్టి ముగించమని మిమ్మల్నే అడగాలి... ఆయన అప్పుడే కోటు వేసుకుంటున్నారు. మంచిది. ఐతలీనా తల్లీ, ఆ సన్మాన పత్రం వెనక్కి తీసుకెళ్లు, నాలుగో వాక్యం కొట్టేసి పంపు, అప్పుడు గోడకి తగిలించుకుంటాను. బూట్లు సరిపడేవి మా ఇంట్లో ఉన్నాయి, నువ్వూ రా. వంటగదిలో ఉన్న అమ్మలూ, మీగడ మంచుగదిలో పెట్టండి, ఆవులతో వచ్చి తింటాం. పలకలు బడి వెనక ఉన్నాయి, తాళ్లు నా దగ్గర ఉన్నాయి. నన్ను ఇన్నేళ్లు భరించినందుకు, నమ్మినందుకు, ఇవాళ ఇది విన్నాక కూడా లేచి బయల్దేరుతున్నందుకు మీకందరికీ నా కృతజ్ఞతలు. ముందు తలుపు దగ్గరున్నవాళ్లు పదండి, తాతకి దారివ్వండి.

సెలవు.